ఆకుపచ్చ ఫారం

"పైనుంచి రాలేదు. రాగానే ఇస్తాం." హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ కట్టుబడి పనుల్లో సబ్ కాంట్రాక్టు చేసినవారికి ఈ మాట కొత్త కాదు. గోడ లేచింది, ప్లాస్టరింగ్ ఎండింది, కొలతలు రాసుకున్నారు, పని సాగుతుండగా పెట్టే ఆర్‌ఏ (రన్నింగ్ అకౌంట్) బిల్లు కూడా పెట్టారు. సొమ్ము మాత్రం పైవాడికి అందాకే కిందివాడికి. ఒప్పంద పత్రంలో దీనికి 'బ్యాక్ టు బ్యాక్' అని మర్యాదైన పేరు కూడా ఉంది. ఇంగ్లండ్‌లోనూ దశాబ్దాల పాటు ఇదే జవాబు నడిచింది. 1998 మే 1 నుంచి అక్కడ ఆ షరతు ఒప్పందంలో రాసుకున్నా చెల్లదు. ఆ తేదీకి చేరుకున్న దారిలో మంత్రుల కంటే, న్యాయమూర్తుల కంటే ముందు నడిచినవి సభ్యుల చందాలతో బతికిన వృత్తి సంఘాలు: కరెంటు పనులవారివి, వేడినీటి గొట్టాలు వేసేవారివి, ఇంకా అలాంటి ప్రత్యేక పనులవారివి. వారు సాధించినదానికి తొలి రూపం ఒక అచ్చు కాగితం. దాని రంగును బట్టి అందరూ దాన్ని గ్రీన్ ఫారం అన్నారు. తెలుగులో పచ్చ అంటే పసుపో ఆకుపచ్చో తేలదు గనుక ఇక్కడ ఆకుపచ్చ ఫారం అందాం.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఉప గుత్తేదారు అనే మనిషి దాదాపు లేడు. ఉండటానికి పైన ఇంకొకడు ఉండాలి కదా. ఇల్లు కట్టించుకునేవాడు తాపీ మేస్త్రీతో ఒక బేరం, వడ్రంగితో మరొక బేరం, సీసం పనివాడితో ఇంకొక బేరం కుదుర్చుకునేవాడు. ఎవరి వృత్తిలో వారే యజమానులు, ఎవరి లెక్క వారిదే. మన ధర్మశాస్త్రాలకూ కలిసి చేసే పని తెలుసు. సంభూయ సముత్థానం పేరిట దాన్ని పద్దెనిమిది వ్యవహార పదాల్లో, అంటే వ్యాజ్య శీర్షికల్లో, ఒకటిగా చేర్చాయి. ఇల్లో గుడో కలిసి కట్టినవారిలో ముఖ్యుడికి రెండు భాగాలు దక్కాలని బృహస్పతి స్మృతి చెబుతుంది. ఆ ముఖ్యుడు రెండు భాగాలు తీసుకుంటాడు. మిగతావారి భాగాలను తన దగ్గర పట్టుకుని కూర్చునే హక్కు అతనికి ఉన్నట్టు అక్కడ కనిపించదు.

పైన కూర్చునే ఆ మనిషి లండన్‌లో 1815 ప్రాంతంలో తయారయ్యాడు. పేరు థామస్ క్యూబిట్. నార్‌ఫోక్ వడ్రంగి కొడుకు. ఓడ వడ్రంగిగా మన దేశం దాకా వచ్చి, ఆ సంపాదనతో 1810లో లండన్‌లో సొంత పని మొదలుపెట్టాడు. 1815లో లండన్ ఇన్‌స్టిట్యూషన్ భవనం చేపట్టినప్పుడు గడువు తరుముతుంటే విడివిడి వృత్తుల మేస్త్రీలను నమ్ముకోవడం అతనికి కష్టమైంది. గ్రేస్ ఇన్ రోడ్డులో స్థలం తీసుకుని, వర్క్‌షాపులు కట్టి, అన్ని వృత్తులవారినీ తన జీతగాళ్లుగా పెట్టుకున్నాడు. ఒకే మనిషి, ఒకే ధర, మొత్తం భవనం. ఇంతమందికి ఏడాది పొడుగునా పని చూపించాలంటే బయటి ఆర్డర్లు చాలవు. అందుకే తానే భూములు తీసుకుని వీధులకు వీధులు కట్టి అమ్మాడు. లండన్‌లో నేటి బెల్‌గ్రేవియాలో చాలా భాగం అలా పుట్టిందే. క్యూబిట్ లాంటి ఓపికా పెట్టుబడీ అందరికీ ఉండవు. అతన్ని చూసి బయలుదేరిన చాలామంది మొత్తం భవనానికి ఒకే ధర చెప్పడం నేర్చుకున్నారు గాని, మనుషులను జీతానికి పెట్టుకునే భారం మాత్రం నెత్తికెత్తుకోలేదు. పనిని ముక్కలు చేసి కిందికి ఇచ్చేశారు. ఉప గుత్తేదారు ఆ సందులో పుట్టాడు.

కొత్త పద్ధతి ఎటు పోతుందో తొందరగా గ్రహించినవారు కూలీలే. 1833లో ఆపరేటివ్ బిల్డర్స్ యూనియన్ లాంకషైర్ పట్టణాల్లో ఎత్తిన తగాదాల్లో మొత్తం భవనానికి ఒకే ధర చెప్పే ఈ జనరల్ కాంట్రాక్టరును తొలగించాలన్న డిమాండు ముందు వరసలో ఉంది. వింతేమంటే, తమ స్వతంత్రం పోతోందని భయపడిన చిన్న మేస్త్రీలు కూడా మొదట్లో దానికి తలూపారు. ఆ సెప్టెంబరులో మాంచెస్టర్‌లో సమావేశమైన సంఘ ప్రతినిధుల సభను 'బిల్డర్ల పార్లమెంటు' అన్నారు. కాంట్రాక్టరు లేకుండా తామే కట్టి చూపిస్తామని బర్మింగ్‌హామ్‌లో గిల్డ్ హాలుకు పునాది కూడా వేశారు. సంఘం మరుసటి ఏడాదే చెదిరిపోయింది, ఆ భవనం సంఘం చేతుల మీదుగా పూర్తి కాలేదు. కూలీలు, చిన్న మేస్త్రీలు ఒకే వైపు నిలబడిన అరుదైన ఘట్టం అది. ఆ తర్వాత వారి దారులు వేరయ్యాయి. కూలీ యూనియన్లు వేతనం వైపు, మేస్త్రీలు యజమానుల సంఘాల వైపు వెళ్లారు.

ఆ యజమానుల సంఘాలు పెద్దవారివి. 1834లో లండన్‌లో బిల్డర్స్ సొసైటీ, 1878లో దేశం మొత్తానికి మాస్టర్ బిల్డర్ల జాతీయ సంఘం వచ్చాయి. స్కాట్లండ్‌లో విడివిడి వృత్తుల ఒప్పందాలు ఇరవయ్యో శతాబ్దం లోపలిదాకా నిలిచాయి. ఇంగ్లండ్‌లో మాత్రం మొత్తం పనిని ఒకరికే అప్పగించడం మామూలైపోయింది. ఆర్కిటెక్టుల సంస్థ, బిల్డర్ల సంఘం కూర్చుని నమూనా ఒప్పందాలు రాసుకున్నాయి. ఆ పనికోసమే 1931లో జాయింట్ కాంట్రాక్ట్స్ ట్రిబ్యునల్ ఏర్పడింది. పేరుకు ట్రిబ్యునల్, నిజానికి తీర్పులు చెప్పే కోర్టు కాదు, ఒప్పందాలు రాసే కమిటీ. ఉప గుత్తేదారుకు ఆ తొలి కమిటీలో చోటు లేదు.

అతనికి బలం తెచ్చింది కరెంటు. విద్యుత్తు, ఆవిరి వేడి, లిఫ్టులు, ఉక్కు చట్రాలు భవనంలోకి వచ్చాక ఆ పనులు తెలిసినవాడు మామూలు మేస్త్రీ కాలేడు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘం 1901లోనూ, హీటింగ్ ఇంజనీర్ల జాతీయ సంఘం 1904లోనూ పుట్టాయి. ఈ నిపుణులను ఎంచేది ఆర్కిటెక్టు. వారితో సంతకం చేయాల్సింది, వారికి సొమ్ము ఇవ్వాల్సింది ప్రధాన కాంట్రాక్టరు. 'నామినేటెడ్ సబ్ కాంట్రాక్టరు' అనే ఈ పద్ధతి బ్రిటన్‌లో చాలాకాలం నడిచింది. పిల్లను చూసినవారు ఒకరు, తాళి కట్టాల్సినవారు ఇంకొకరు అన్నట్టుండే సంబంధం. పని చెడితే, నీవు తెచ్చినవాడే కదా అని ఆర్కిటెక్టు మీదికి నెట్టి ప్రధాన కాంట్రాక్టరు తప్పుకునేవాడు. సొమ్ము దగ్గరికొస్తే మాత్రం యజమాని తానే.

చందా కట్టిన సభ్యుడికి ఈ సంఘాలు ఏమిచ్చాయి? పైకి కనిపించేవి చాలానే ఉన్నాయి. యూనియన్లతో దేశమంతటికీ ఒకే వేతన ఒప్పందం కుదిర్చి, కూలీ ధర తగ్గించి టెండరు గెలిచే పోటీని కొంత ఆపాయి. కట్టుబడి కూలీ ఇవాళ ఒక యజమాని దగ్గర, రేపు ఇంకొకరి దగ్గర ఉంటాడు గనుక జీతంతో కూడిన సెలవు అతనికి ఎవరిస్తారన్నది పెద్ద చిక్కు. 1940ల తొలి ఏళ్లలో వచ్చిన సెలవు స్టాంపుల పథకం దానికి జవాబు. ఏ వారం ఎవరి దగ్గర పనిచేస్తే ఆ యజమాని కార్డు మీద స్టాంపు అతికించేవాడు. సెలవు రోజుకు ఆ స్టాంపులే సొమ్మయ్యేవి. ఎలక్ట్రికల్ సంఘం 1968లో యూనియన్‌తో కలిసి జాయింట్ ఇండస్ట్రీ బోర్డు పెట్టి ఎలక్ట్రీషియన్లను నైపుణ్యాన్ని బట్టి శ్రేణులుగా విడదీసింది. బీమా, అప్రెంటిస్ శిక్షణ, సాంకేతిక ప్రమాణాల పుస్తకాలు సరేసరి. నా మటుకు వీటన్నిటికంటే విలువైనది ఇంకొకటి. ముప్పై పేజీల ఒప్పందం బల్లమీద పెట్టి "ఇక్కడ సంతకం చెయ్యి" అన్నప్పుడు, అందులో ఏ క్లాజు తన మెడకు చుట్టుకుంటుందో చదివి చెప్పే మనిషి సంఘం ఆఫీసులో ఉండటం. పదిమంది పనివాళ్లతో నడిచే సంస్థ సొంతంగా లాయరును పెట్టుకోలేదు. వందల సంస్థలు కలిసి పెట్టుకోగలవు.

ఈ వృత్తుల చరిత్రలో చీకటి కోణమూ ఉంది, దాటేసి పోవడం న్యాయం కాదు. నలుగురు కూర్చుని వేతనం గురించి మాట్లాడుకునే బల్ల దగ్గరే టెండరు ధర గురించీ మాట్లాడుకోవచ్చు. లండన్ బిల్డర్స్ కాన్ఫరెన్స్ సభ్యులు టెండర్ల సమాచారం పంచుకునే తీరు మీద గుత్తాధిపత్యాల కమిషన్ 1954లో నివేదిక ఇచ్చింది. ఎక్సెటర్ ఆసుపత్రి విద్యుత్ పనికి టెండర్లు వేసిన సంస్థల మధ్య కుదిరిన లోపాయికారీ ఒప్పందం 1970లో కోర్టుకెక్కింది. ఆసుపత్రి కట్టేది ప్రజల సొమ్ముతో. పెద్దవాడి ముందు చిన్నవాళ్లు ఏకం కావడానికీ, ఖజానా ముందు ఏకం కావడానికీ మధ్య గీత సన్నగానే ఉంటుంది. ఆ గీత ఎవరూ దాటలేదని చెప్పలేం.

ఇక ఆకుపచ్చ ఫారం. 1963లో ఆర్కిటెక్టుల సంస్థ పేరిట కొత్త ప్రధాన ఒప్పందం వచ్చినప్పుడు, దానికి జోడుగా నామినేటెడ్ సబ్ కాంట్రాక్టర్ల కోసం ఈ ఫారం వెలువడింది. ప్రచురించింది భవన నిర్మాణ యజమానుల జాతీయ సమాఖ్య. దాన్ని ఆమోదించిన సంస్థల్లో ప్రత్యేక పనుల కాంట్రాక్టర్లకు చెందిన రెండు సమాఖ్యలు ఉన్నాయి. ఉప గుత్తేదారుల తరఫువారు ఒప్పుకుంటేనే అచ్చయ్యే ఒప్పందం అన్నమాట. ఆర్కిటెక్టు సర్టిఫికెట్‌లో ఉప గుత్తేదారు వాటా ఎంతో తేలాక, గడువులోగా ఆ సొమ్ము అతనికి చేరాలి. అలా గడువులో ఇచ్చినందుకు ప్రధాన కాంట్రాక్టరుకు రెండున్నర శాతం తగ్గింపు దక్కుతుంది. పని సరిగా పూర్తయ్యే దాకా ప్రతి బిల్లులో కొంత పట్టుకునే నిలుపుదల సొమ్మును ప్రధాన కాంట్రాక్టరు తనది అనుకోకుండా ధర్మకర్తలా పట్టుకోవాలి. నామినేషన్ లేని సబ్ కాంట్రాక్టర్ల కోసం తర్వాత నీలి ఫారం వచ్చింది.

అయితే ఈ ఫారంలో ఒక రంధ్రం మిగిలింది. ఉప గుత్తేదారు వల్ల తనకు నష్టం జరిగితే ప్రధాన కాంట్రాక్టరు అతని బిల్లులో కోత పెట్టుకోవచ్చు. నష్టం జరిగిందని తేల్చేదెవరు? కోత పెట్టేవాడే. నీవు ఆలస్యం చేశావు, నాకింత పోయింది, నీ బిల్లుకు చెల్లు అని ఒక ఉత్తరం రాస్తే సరి. ఈ ప్రశ్న 1971లో డానేస్, మింటర్ సంస్థల వ్యాజ్యంగా అప్పీలు కోర్టుకు వచ్చింది. న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్. సర్టిఫికెట్‌లో తేలిన సొమ్మును తేలని నష్టాల పేరుతో ఆపకూడదని ఆయన తీర్పిచ్చాడు. కట్టడం పనిలో చేతిలో డబ్బు ఆడటం ఒంట్లో నెత్తురు ఆడటం లాంటిదన్న ఆయన భావం ఆ తర్వాత లాయర్ల నోట నానింది. సంఘాలకు సంబరం. అది రెండేళ్లే. 1973లో గిల్బర్ట్ యాష్ కేసులో, అప్పీలు కోర్టుకు పై కోర్టు అయిన ప్రభువుల సభ వేరుగా చెప్పింది. ఇచ్చిపుచ్చుకోవడాల్లో చెల్లు వేసుకునే హక్కు పాతకాలపు న్యాయసూత్రం, ఒప్పందంలో స్పష్టమైన మాటతో తీసేస్తే తప్ప అది పోదని. న్యాయశాస్త్రం దృష్టిలో ఆ మాట తప్పని అనలేం. పనిచోట దాని ఫలితం మాత్రం ఒకటే: చిన్నవాడి బిల్లు మళ్లీ పెద్దవాడి దయాదాక్షిణ్యాలకు వచ్చింది.

సంఘాలు చట్టం కోసం పార్లమెంటుకు పరుగెత్తలేదు. స్పష్టమైన మాట కావాలని కోర్టు అంటే స్పష్టంగానే రాద్దామని మళ్లీ ఫారం మీద కూర్చున్నాయి. 1976లో ఆకుపచ్చ, నీలి ఫారాలు రెండింటికీ సవరణ వచ్చింది. కోత పెట్టదలచినవాడు సొమ్ము ఇవ్వాల్సిన రోజుకు ముందే, ఎందుకో ఎంతో లెక్కకట్టి రాతపూర్వకంగా చెప్పాలి. ఉప గుత్తేదారు ఒప్పుకోకపోతే విషయం ఒక తీర్పరి దగ్గరికి పోతుంది. ఆయన ఇద్దరి కాగితాలూ చూసి, వాదనలు వినకుండానే, కొద్ది రోజుల్లో మూడింటిలో ఒకటి చెబుతాడు: సొమ్ము ఉప గుత్తేదారుకు ఇచ్చెయ్, లేదా నీ దగ్గరే ఉంచుకో, లేదా ఇద్దరికీ చెందని మూడో మనిషి దగ్గర ధర్మకర్త సొమ్ముగా జమ చెయ్. అసలు తగాదా ఎవరిదన్నది తర్వాత ఆర్బిట్రేషన్‌లో తేల్చుకోవచ్చు. ఊరి రచ్చబండ దగ్గర పెద్దమనిషి చెప్పే తాత్కాలిక తీర్పుకు దీనికి పెద్ద తేడా లేదు. బ్రిటన్ నిర్మాణ రంగంలో నేటి తీర్పరి పద్ధతికి, అంటే అడ్జుడికేషన్‌కు, బీజం ఇక్కడే పడింది. చట్టం నుంచి కాదు, సంఘాల మధ్య బేరం నుంచి.

ఆ బీజానికి కోరలు లేవు. 1990లో మోలెమ్ సంస్థ కేసులో, ఇలాంటి తీర్పరి నిర్ణయాన్ని ఆర్బిట్రేషన్ అవార్డులా అమలు చేయించలేమని అప్పీలు కోర్టు చెప్పింది. అప్పటికే మాంద్యం. పెద్ద కాంట్రాక్టర్లు అచ్చు ఫారాలను పక్కన పడేసి సొంత షరతులు రాసుకుంటున్నారు. సంఘం ఎంత మంచి ఒప్పందం రాసినా, పని కరువైన రోజున సభ్యుడు ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. సభ్యత్వం అక్కడిదాకానే పనిచేస్తుందన్నది సంఘాలకు అర్థమైంది. మాజీ పార్లమెంటు సభ్యుడు సర్ మైకేల్ లాథమ్‌ను 1993లో ప్రభుత్వమూ పరిశ్రమా కలిసి సమీక్షకు నియమించినప్పుడు, అవి నమూనా ఒప్పందం దగ్గర ఆగకుండా చట్టమే అడిగాయి. లాథమ్ తొలి నివేదికకు పెట్టిన పేరులో రెండే మాటలు: నమ్మకం, సొమ్ము. తుది నివేదిక 1994 జులైలో వచ్చింది. 1996 జులై 24న రాజముద్ర పడిన గృహ గ్రాంట్లు, నిర్మాణ, పునరుద్ధరణ చట్టంలో రెండో భాగంగా ఆ కోరికలు చేరాయి. పని 45 రోజులకు తగ్గకపోతే విడతల వారీగా సొమ్ము అడిగే హక్కు. నోటీసు లేకుండా కోత చెల్లదు. సొమ్ము రాకపోతే ఏడు రోజుల నోటీసుతో పని ఆపవచ్చు. ఏ తగాదానైనా ఎప్పుడైనా తీర్పరి ముందు పెట్టవచ్చు, ఆయన 28 రోజుల్లో చెప్పాలి. "పైనుంచి వస్తేనే ఇస్తాం" అనే షరతు చెల్లదు. 1999 ఫిబ్రవరిలో జస్టిస్ డైసన్ ముందుకు తొలి పరీక్ష వచ్చింది. తీర్పరి నిర్ణయంలో తప్పున్నా ముందు సొమ్ము కట్టండి, వాదన తర్వాత అన్నది ఆయన తీర్పు సారం. కోరలు మొలిచాయి.

బ్రిటన్ చట్టం వచ్చిన ఏడాదే మన దేశంలోనూ నిర్మాణ రంగానికి ఒక పెద్ద చట్టం వచ్చింది. 1996 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం. దానికి తోడు సెస్ చట్టం, నిర్మాణ వ్యయంలో ఒకటి నుంచి రెండు శాతం వరకు కార్మిక సంక్షేమ నిధికి. రెండు దేశాలు నెల రోజుల తేడాతో ఒకే రంగం మీద చట్టం చేశాయి. అక్కడివారు మధ్యలో ఉన్న ఉప గుత్తేదారును చూశారు, మనవారు అట్టడుగున ఉన్న కూలీని చూశారు. ఎవరిది మేలన్న పోటీ పెట్టను. 1970 నాటి మన కాంట్రాక్టు లేబర్ చట్టంలో కాంట్రాక్టరు అనే మాట నిర్వచనంలోనే సబ్ కాంట్రాక్టరును చేర్చారు, కూలీలకు జీతం ఇవ్వాల్సిన బాధ్యుడిగా. అతనికి పైనుంచి ఎప్పుడు రావాలన్న ప్రశ్నను ఆ చట్టం ఎత్తలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల గడువు పెట్టింది. అది నిర్మాణ రంగం కోసమని చేసింది కాదు, సాధారణ చట్టం.

బ్రిటన్ చట్టంలోనూ సందులు ఉన్నాయి. నోటిమాట ఒప్పందాలను 1996 చట్టం బయట వదిలింది. రాతకోతలు తక్కువగా ఉండే అసలు చిన్నవాడికే రక్షణ లేదన్నమాట. దాన్ని సరిదిద్దే సవరణ ఇంగ్లండ్‌లో 2011 అక్టోబరు 1న గాని అమల్లోకి రాలేదు. కట్టించుకునే యజమానే దివాలా తీస్తే పైనుంచి వస్తేనే అన్న షరతు చెల్లుతుందని చట్టమే మినహాయింపు ఇచ్చింది. సొమ్ముకు గడువు తేదీ ఉండాలంది గాని, ఆ గడువు ఎంత పొడుగుండాలో ఇద్దరి ఒప్పుదలకే వదిలేసింది. సంఘాలు కూడా తమ మెట్టు కింద ఉన్నవారిని అంతగా చూడలేదు. 1960ల నుంచి 'లంప్' అనే పేరుతో, స్వయం ఉపాధి అన్న ముసుగులో, గుత్తకు పనిచేసిన లక్షల మంది తాపీ, వడ్రంగి పనివారికి ఈ ఫారాలు ఏ రంగువైనా ఒకటే.

గడువు పొడుగు సంగతి బ్రిటన్‌లో పెద్ద నిర్మాణ సంస్థ కారిలియన్ కూలినప్పుడు అందరికీ తెలిసింది. 2018 జనవరి 15న ఆ సంస్థ లిక్విడేషన్‌లోకి వెళ్లే నాటికి చేతిలో మిగిలింది 2 కోట్ల 90 లక్షల పౌండ్లు, మోస్తున్న బాధ్యతలు దాదాపు 700 కోట్ల పౌండ్లు. సుమారు 30,000 మంది సరఫరాదారులకు, సబ్ కాంట్రాక్టర్లకు, స్వల్పకాలిక అప్పులవారికి కలిపి దాదాపు 200 కోట్ల పౌండ్లు బాకీ. బిల్లు పెట్టాక 120 రోజులు ఆగాలన్నది దాని షరతు. సకాలంలో చెల్లిస్తామని ప్రమాణం చేసే స్వచ్ఛంద నియమావళిపై సంతకం చేసిన సంస్థల్లో అదీ ఒకటి. కూలిపోయిన సంస్థ మీద తీర్పరి ఎన్ని రోజుల్లో ఏం చెప్పినా అమలు చేయడానికి అక్కడ సొమ్ము లేదు. లివర్‌పూల్‌లో అది కడుతున్న రాయల్ ఆసుపత్రి పని మధ్యలో ఆగింది. అప్పటికి మూడేళ్ల ముందే, 2015లో, ప్రత్యేక పనుల కాంట్రాక్టర్ల జాతీయ మండలి ప్రధాన కాంట్రాక్టర్ల సంఘంతో కలిసి బిల్డ్ యూకే అనే ఒకే సంస్థగా మారింది. ఎదురెదురు బల్లల వారు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మంచిదేనని అన్నవారు ఉన్నారు. నాకు 1976 బేరం గుర్తుకొస్తుంది. అది కుదిరింది ఎదురెదురు బల్లల మీద.

మిగిలింది నిలుపుదల సొమ్ము. ప్రతి బిల్లులోనూ మూడో ఐదో శాతం పట్టుకుని, పని పూర్తయ్యాక సగం, లోపాల గడువు దాటాక సగం ఇస్తారు. ఆకుపచ్చ ఫారం దాన్ని ధర్మకర్త సొమ్ము అన్నా, విడిగా ఖాతాలో పెట్టకపోతే పట్టుకున్నవాడు మునిగినప్పుడు అదీ మునుగుతుంది. దాన్ని వేరే భద్రమైన పథకంలో జమ చేయాలని కోరుతూ పీటర్ ఆల్డస్ అనే సభ్యుడు కామన్స్ సభలో ఒక బిల్లు పెట్టాడు. ఎలక్ట్రికల్, హీటింగ్ సంఘాలు దాని వెనుక నిలిచాయి. పెట్టింది 2018 జనవరిలోనే, కారిలియన్ కూలడానికి కొద్ది రోజుల ముందు. ఆ బిల్లు చట్టం కాలేదు.